ఎక్కడ నిలబడ్డావు?

మా రీసెర్చి గైడు మేడమ్ ప్రమాదాల మీద పరిశోధన చేసేవారు. తప్పెవరిదని ఆవిడ ఎన్నడూ అడగలేదు. "ఎక్కడ నిలబడ్డావు నాయనా?" అని అడిగి, చీర కుచ్చెళ్లు దోపుకుని తనూ వెళ్లి అక్కడే నిలబడేవారు.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక జాలరికి, వించి యంత్రం చుట్టే తాడులో చెయ్యి చిక్కుకుని రెండు వేళ్లు పోయాయి. ఆ వించి తిప్పింది అతని సొంత బావే. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మేడమ్ వెంట నేనూ వెళ్లాను.

"ఆపమని సెయ్యూపినాను మేడమ్. అయినా తిప్పేసినాడు," అన్నాడు జాలరి.

మేడమ్ పడవెక్కి వించి దగ్గర కాసేపు నిలబడ్డారు. తర్వాత జాలరిని అక్కడ నిలబెట్టి, ఆ రోజు అతను నిలబడ్డ చోటికి బావను పంపారు. మధ్యలో ఎప్పట్లాగే వల గుట్టగా పోసి ఉంది.

"బావా, ఏటి సేత్తన్నావక్కడ?" అని కేకేశాడు జాలరి.

"సెయ్యూపుతన్నాన్రా."

జాలరి వల గుట్ట వైపు చూశాడు. "నాకు అగుపడనేదు బావా," అన్నాడు.

ఆ పడవలో ఇప్పుడు వల వెనకవైపు పోస్తున్నారు. మొన్న మేడమ్ పోయారని చెప్పడానికి వెళ్లాను. వించి దగ్గర పనిలో ఉన్న బావా బావమరుదులిద్దరూ, ఆవిడ ఆ రోజు నిలబడ్డ చోటు ఆవిడకే అన్నట్టు ఖాళీగా వదిలి పక్కకు జరిగారు.