‘పోయొస్త’కు పాలసీ

2022 జూన్‌లో నన్ను మేడ్చల్‌కు బదిలీ చేశారు. జనరల్ ఇన్సూరెన్సు సంస్థలో పరిపాలనాధికారిగా అదే నా చివరి పోస్టింగు. దాన్ని శాఖ అనేవారుగానీ రెమ్మ అంటే సరిపోయేది: నేనూ, ఒక గుమాస్తా, తరచూ మొరాయించే ప్రింటరూ. నా భార్య అంతకు ఏడాది ముందే పోయింది. పిల్లలు లేరు. మేడ్చల్‌లో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఊరి పేరుకు నేను చేసిన న్యాయం అంతే. సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తే, మళ్లీ పొద్దున తాళం తీసేదాకా నాకు మాట్లాడే పని ఉండేది కాదు.

మా వ్యాపారమంతా ట్రాక్టర్లు, కార్లు, గోదాములతోనే. ప్రయాణ బీమా అడిగేవాళ్లు అరుదు. లాల్‌గడి మలక్‌పేట్ రైతు సత్తిరెడ్డి కూడా దాన్ని అడగలేదు. కారు పాలసీ రెన్యువల్‌కు వచ్చి, ఒక టూరు బృందంతో వియత్నాం చూడబోతున్నానని మాటల్లో చెప్పాడు. అరవై దాటిన మనిషి, ఆయనకూ భార్య లేదు. పొలంలో కొంత ప్లాట్ల వెంచర్‌కు ఇచ్చాక చేతినిండా తీరిక మిగిలింది. ఆ వెంచర్ దగ్గరే తమ్ముడితో మాటలు ఆగిపోయాయి. నేను వృత్తిధర్మంగా మొదలుపెట్టాను: సామాను పోతే ఇది వస్తుంది, పాస్‌పోర్టు పోతే ఇది వస్తుంది, మనిషే పోతే...

"ఏంది సారూ," అన్నాడు. "నేను పోయొస్త అంటున్న. నువ్వు పోతే ఏమొస్తదో చెప్తున్నవ్!"

సర్వీసులో ఎవరూ నన్ను అంత పొందిగ్గా ఓడించలేదు. ఈ పాలసీ ‘పోయొస్త’లో రెండో సగానికండీ, ఆ ‘వస్త’కు, అన్నాను. నవ్వాడు. "మాటలు మస్తు చెప్తవ్. ఇగ రాయి."

ప్రతిపాదన పత్రంలో పాత జబ్బులు దాచకూడదు. దాచితే క్లెయిము దగ్గర అవే అడ్డం పడతాయి. ఆయన బీపీ రాయొద్దని పట్టుబట్టాడు, ఊళ్లో తెలుస్తుందట. మా ప్రింటరు లోంచి కాగితం నా చేతికి రావడానికే పొద్దుగూకుతుంది, లాల్‌గడి దాకా ఎప్పుడు పోతుందని నచ్చజెప్పి రాశాను.

యాత్ర మధ్యలో ఫోన్ వచ్చింది. కొండ మీది గుడి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. గైడు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి, మిగతావాళ్ల టికెట్లు ముందే ఖాయమైనందువల్ల వాళ్లతో తర్వాతి ఊరికి సాగిపోయాడు. ఇలాంటప్పుడు పాలసీ మీదుండే సహాయ కేంద్రం నంబరుకు చేయాలి. ఆయన నాకు చేశాడు.

"ఆడ ఇంగ్లీషు మాట్లాడుతున్నరు సారూ. నాకు నొప్పి తెలుగుల వస్తాంది."

విదేశాల్లో మా సంస్థకు ఆఫీసులు ఉండవు. మా తరఫున సహాయ సంస్థ ఒకటి పనిచేస్తుంది. డాక్టరు నివేదిక, పాస్‌పోర్టు నకలు, పాలసీ నంబరు అందితే అది ఆసుపత్రికి చెల్లింపు హామీ పంపుతుంది. నేను కాగితాలు కదిలించాను, హామీ వెళ్లింది. అది లేకపోతే ఆయన చేతిలో ఉన్నది తిరుగు టికెట్టు ఒక్కటే.

కానీ సత్తిరెడ్డి ఆపరేషన్‌కు సంతకం పెట్టలేదు. ఆలస్యమైతే మళ్లీ నడవడం అనుమానమేనని డాక్టరు హెచ్చరిస్తున్నాడు. "ఎవలు లేకుండ నేను కోయించుకోను," అంటాడీయన. ఒంటరి రోగి దగ్గరికి కుటుంబంలో ఒకరిని పంపే నిబంధన ఆ పాలసీలో ఉంది: రానుపోను టికెట్టు, బస. ఎవరిని పంపమంటారని అడిగాను.

"తమ్ముడున్నడు. ఉన్నడు గని, లేడు."

ఆ మధ్యాహ్నమే లాల్‌గడి వెళ్లాను. అది నా విధుల్లో లేదు. తమ్ముడు కిష్టారెడ్డి బోరు దగ్గర ఉన్నాడు. నేను చెప్పిందంతా పైపు వైపు చూస్తూ విన్నాడు. పాస్‌పోర్టు ఉందా అని అడిగాను.

"ఆధార్ ఉంది. నడుస్తదా?"

నడవదు. మా నిబంధన టికెట్టు ఇస్తుందిగానీ పాస్‌పోర్టు పుట్టించదు. చేసేది లేక అన్నకు ఫోన్ కలిపి తమ్ముడి చేతికిచ్చాను. తమ్ముడు గట్టిగా అన్నాడు: "ఏందే అన్నా, మన బాయి మెట్లు కండ్లు మూసుకొని దిగెటోనివి. గాడ జారినవా?"

అవతలి నుంచి వరసగా తిట్లు వచ్చాయి. వాటిని ఇక్కడ రాయను. మా పాలసీ భాషలో మినహాయింపులు అనుకోండి. "సంతకం పెట్టు. నడిచొచ్చి తిట్టు," అని ఫోన్ నాకిచ్చేసి, కిష్టారెడ్డి మోటరు బంద్ చేయడానికి పోయాడు.

మర్నాడు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు సత్తిరెడ్డి నాకు ఫోన్ చేశాడు. "పోయొస్త సారూ," అన్నాడు. అంతే. గుమాస్తా సెలవు పెట్టిన రోజది. వీడ్కోలుగా నాతో ఆ మాట అంతకుముందు చివరగా ఎవరన్నారో గుర్తు చేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆయన వచ్చాడు. సహాయ సంస్థ నర్సును తోడిచ్చి, చక్రాల కుర్చీలో పంపింది. విమానాశ్రయానికి నేను వెళ్లాను. తమ్ముడు కారు పంపాడు. అందులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు. సత్తిరెడ్డి వెనక సీటు వైపు ఒకసారి చూసి, "బండి అయితే పంపిండు," అన్నాడు.

పెద్ద ప్రయాణానికి, అందులోనూ పరాయి దేశానికి బయల్దేరేవారు బీమా తీసుకోవాలి. మినహాయింపులు చదవాలి. జబ్బులు దాచకూడదు. సహాయ కేంద్రం నంబరు తమ దగ్గరే కాక, ఇంటి దగ్గర ఒకరికి ఇచ్చి వెళ్లాలి. ఆ ‘ఒకరు’ మాత్రం ఏ పాలసీతోనూ రారు.

ఉన్నచోటు నుంచి కదలకుండా ప్రయాణ బీమా అమ్మిన నేను, రిటైరయ్యాక మొన్న మొదటిసారి శ్రీలంక వెళ్లడానికి నా పాలసీ కొనుక్కున్నాను. అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలి అనే గడి దగ్గర ఆగిపోయాను. ఆ గడి నింపడానికి చివరికి లాల్‌గడికి ఫోన్ చేశాను.

"రాస్కో సారూ," అన్నాడు సత్తిరెడ్డి. "నాకు పాస్‌పోర్టు గూడ ఉంది."