గీరి చూడని మాత్రలు

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాణ్ణి. కొత్త జరీ వస్తే ఒక పోగు తీసి గోటితో గీరి, లోపల ఎర్రపట్టు కనిపిస్తేనే అసలు జరీ అని తీసుకునేవాణ్ణి. అమ్మేవాడు ఎంత తెలిసినవాడైనా గీరకుండా వదల్లేదు.

నా చీరలు పెనుకొండలో మా తమ్ముడు నేసేవాడు. వాడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. రోజూ మాత్ర పడితేనే మగ్గం గుంతలో కూర్చోగలడు. ఆ మాత్రలు తెచ్చే బాధ్యత నాది. హిందూపురంలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో, డాక్టరు చీటీ అడగకుండా చౌకగా అదే మందు పంపుతామనే వెబ్‌సైట్ ఒకటి కనిపించింది. తెప్పించాను. అట్టల మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు. అది చూసి కూడా, తమ్ముడు అనుమానపడకుండా మాత్రలన్నీ విప్పి పాత డబ్బాలో పోశాను.

"ఇవి తెల్లగా ఉండాయే అన్నా! పాతవి పచ్చగా ఉండె గదా?"

"కంపెనీవాడు రంగు మార్చినాడు. నీకు చీరకు మ్యాచింగ్ కావల్నా ఏమప్పా? మింగు."

వాడు నవ్వి మింగాడు.

కొన్నాళ్లకే, నేను చీరల కోసం పెనుకొండ పోయిన ఒక మధ్యాహ్నం, మగ్గం మీదే ఒరిగిపోయాడు. మూర్ఛ ఆగలేదు. నేనూ, వాడి భార్య మా మరదలూ వాణ్ణి జీపులో వేసుకుని హిందూపురం చేరాం. దారిలో సోమందేపల్లి దాటుతుంటే వాడి పెదవులు నల్లబడ్డాయి.

"ఏం మాత్రలు వాడుతున్నాడు?" అని డాక్టరు అడిగాడు.

మరదలు పక్కనే ఉంది. "ఎప్పుడూ వేసేవే సార్," అన్నాను.

సూది వేశారు. ఆగలేదు.

"మధ్యలో మానేశాడా?"

"లేదు సార్, పొద్దున నేనే ఇచ్చినా. ఇవే, బావ తెచ్చినవి," అంటూ మరదలు డబ్బా తీసింది.

డాక్టరు ఒక మాత్రను వేళ్ల మధ్య నొక్కాడు. సుద్దలా పొడైపోయింది. నా వైపు చూశాడు. తమ్ముడి కాళ్లు మంచానికి కొట్టుకుంటున్నాయి.

"నెట్‌లో తెప్పించినా సార్. దాంట్లో ఏముండాదో నాకు తెలీదు."

"ముందే చెప్పాల్సింది," అంటూ ఆయన వేరే మందు ఎక్కించమన్నాడు. చాలాసేపటికి కాళ్లు నిలిచాయి.

వరండాలో మరదలు ఒక్కమాటే అంది: "జరీ అయితే గీరి చూస్తావు గదా బావా."

తమ్ముడు బతికాడు. మళ్లీ నేస్తున్నాడు. నేను పోతే జరీ నా చేతికిచ్చి, "చూడన్నా" అంటాడు. మరదలు మాత్రం గూట్లోని మాత్రల డబ్బా తీసి లోపల పెట్టి వస్తుంది.