వేలు ఆనిస్తేనే పలికిన హార్డ్ డిస్క్

కరోనా రెండో వేవ్ పోయిన మరుసటి ఏడు, వానాకాలం. గాజువాకలో నాది కంప్యూటర్ రిపేర్ షాపు. సముద్రపు గాలి, ఫ్యాక్టరీల దుమ్ము కలిసి ఇక్కడి మెషిన్లను తినేస్తాయి, ఆ పుణ్యమా అని నాకు పనికి కొదవ లేదు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. పద్మ అనే ఆవిడ ఎనిమిదేళ్ళ కూతురితో ఆటో దిగి, టవల్ కప్పిన సీపీయూని నా బల్ల మీద పెట్టింది. భర్త కరోనాలో పోయాడట. సి-షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ పడ్డ వారాల్లో పాపను నిద్రపుచ్చడానికి కథలు చెప్పి ఇందులో రికార్డు చేసి వెళ్ళేవాడట. ఇంకెక్కడా కాపీ లేదు. కాపీ చేసుకోవాలని ఎవరికీ తట్టదు, అదే నా ఖర్మ.

"దీనికి ఆళ్ళ నాన్న గొంతు మరుపొచ్చేత్తంది అన్నా," అంది పద్మ. "నాన్న ఎలగ మాటాడేవోడని మొన్న నన్నే అడిగింది. నానేటని సెప్పాల?"

కంప్యూటర్ ఆన్ కాగానే తనకు ఏమేం తగిలించి ఉన్నాయో చూసుకునే చోటును బయోస్ అంటాం. అందులో హార్డ్ డిస్క్ పేరే లేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. చివరికి డిస్క్ బయటికి తీసి, పచ్చ బోర్డు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టి నా మెషిన్‌కు తగిలించాను. ఊహూఁ. బోర్డు మీద ఎర్రటి మరక ఉంటే తుప్పనుకుని, ఇక లాభం లేదమ్మా అనేశాను.

ఆవిడ ఏడవలేదు. ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగి, ఉంగరపు వేలు దాని మీద ఆనించింది. "పలకండి. పాపొచ్చింది," అంది మెల్లగా. ఆవిడ తృప్తి కోసం రీస్టార్ట్ చేశాను. స్క్రీన్ మీద డిస్క్ పేరు వచ్చింది.

వేలు తీయమని మళ్ళీ చూశాను. లేదు. నేను చెయ్యి వేశాను. లేదు. ఆవిడ వేలు ఆనిస్తే వచ్చింది. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను ఆటపట్టించే మనిషిని, ఆ పూట నాకే భయమేసింది.

పవర్ ఆపి, ఆ మరక ఏమిటని అడిగాను.

"బొట్టన్నా. దసరాకి అందరూ ఆయుధపూజ సేత్తారు కదా. ఆయన గొంతు ఇందులోనే ఉందని డబ్బా మూత తీసి దీనికెట్టినాను. అప్పట్నుంచి సుక్కురవారం సుక్కురవారం పెడతన్నాను."

బోర్డు విప్పితే సంగతి తెలిసింది. తడి కుంకుమ కిందికి దిగి, బోర్డుని డిస్క్ లోపలి భాగంతో కలిపే కాంటాక్టులు నల్లబడ్డాయి. వారం వారం బొట్టు పెట్టే చోటు ఆవిడ వేలికి తెలుసు, అక్కడ నొక్కితే కాంటాక్టు కలుస్తోంది. కుంకుమ వల్లేనని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, సముద్రపు గాలి అన్నాను. రబ్బరుతో రుద్ది బిగించాను. ఈసారి ఎవరి చెయ్యీ లేకుండానే వచ్చింది. ముందు అన్నీ కాపీ చేసి, సరిగా వచ్చాయో లేదోనని ఒకటి ప్లే చేశాను.

కథ సగంలో అతను ఆగాడు. "నిద్దరోయావేటే?"

స్టూలు మీద కూర్చున్న పాప వెంటనే, "నేదు నాన్నా," అంది.

స్పీకర్లో కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత అతను నవ్వాడు. "నాకు తెల్సునే దొంగా. కళ్ళు ముయ్యి."

పాప కళ్ళు మూసుకుంది. పద్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇక అక్కడ ఉండలేక నేను వానలోకి వెళ్ళిపోయాను.

కారణం దొరికితే భయం పోతుందని అన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. పోదు. అప్పట్నుంచి తిరిగొచ్చిన గొంతును నా షాపులో ప్లే చేయను, ఇంటికెళ్ళి వినమంటాను.