కిటికీ పక్క మిషను

కుట్టుపని షెడ్డులో ఆమెని అందరూ బొద్దక్క అంటారు. మోకాలు పట్టుకుని "అమ్మయ్య" అనందే మిషను ముందు కూర్చోదు. మాస్కు జారితే మోచేత్తో నెట్టుకుంటుంది గానీ గుడ్డ మీంచి చెయ్యి తియ్యదు. పక్కనున్న కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది, గాలికి పల్చటి గుడ్డలు ఎగిరిపోతాయని. వైరస్ ఊరంతా పాకిన రోజుల్లో సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి, "షుగరు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. మీకు సోకిందంటే ఆస్పత్రి పాలే. జీతం రాకపోయినా ఇంటి పట్టున ఉండండి" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. బొద్దక్క లేచింది.

"నాకు షుగరుంది తమ్ముడూ. ఇంటికి పంపితే ఏం లాభం? అక్కడా ఒకటే గది, ఒకరి మీద ఒకరం. షుగరు నాదే, ఒప్పుకుంటా. ఈ గాలాడని షెడ్డు ఎవరిది? కిటికీలు తియ్యి, మిషన్లు ఎడంగా జరుపు."

"గుడ్డలెగిరిపోతాయక్కా!"

"ఏదో ఒక బరువు పెడదాం. ఏదీ దొరక్కపోతే నేను లేనూ?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే వెనక వరసలో ఒక చెయ్యి లేచింది, దాని పక్కన ఇంకోటి, ఆ తర్వాత ఎటు చూసినా చేతులే. ఇంతమందిని ఇంటికి పంపితే షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందేనని సూపర్‌వైజరుకి తెలిసిపోయింది. మొదటి మిషను జరపడానికి వంగాడు. బొద్దక్క కిటికీ బార్లా తెరిచి, గుడ్డ మీద కత్తెర పెట్టి, "అమ్మయ్య" అని కూర్చుంది.