చెంబు కదపొద్దండి

కరోనా తర్వాత బడులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో, అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. ఆరు నుంచి తొమ్మిది వరకు తరగతులు నావి. సెక్షనుకు వారానికి ఒక పీరియడ్. ఆ ఉద్యోగం నిరుడు మానేశాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదు నాది, ముప్పై కూడా నిండలేదు. మనుషుల్లో మాట్లాడటం చేతకాదు కాబట్టి డైరీ రాసుకుంటాను. అందులో ఆ ఉద్యోగం గురించి రాసుకున్న పేజీలన్నిటిలోనూ ఒకే సంగతి ఉంది. అదే ఇక్కడ చెబుతున్నాను.

స్టాఫ్ రూములో ఎవరూ పైకి చెప్పని ఒక వరస ఉంటుంది. లెక్కల మాస్టారు, ఇంగ్లీషు, సైన్సు వాళ్లు ఫ్యాను కింద. తెలుగు, హిందీ వాళ్లు గోడ పక్క. ఆటల మాస్టారు గుమ్మం దగ్గర. డ్రాయింగ్ టీచరుకు ఎవరు సెలవు పెడితే వాళ్ల కుర్చీ. టైం టేబుల్లో నా పీరియడ్ ఉన్నట్టే ఉంటుంది. సిలబస్ వెనకబడగానే అటెండరు తరగతి గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, ఈ పీరియడ్ లెక్కల సార్ తీసుకుంటారంటండీ" అంటాడు. నేను "ఆయ్" అని సుద్దముక్క కింద పెట్టి బయటికి వచ్చేదాన్ని. ఎవరేం చెప్పినా ఆయ్ అనడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

డ్రాయింగ్‌లో ప్రభుత్వం పెట్టే పరీక్షలు రెండు, లోయరూ హయ్యరూ. లోయరు పెళ్లికి ముందే పాసయ్యాను. హయ్యరు లేకుండా గురుకులాల్లాంటి చోట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా ఎవరూ చూడరు. చేరిన మూడో ఏడు ఆ పరీక్షకు కట్టాను. అందులో నాకు కష్టమైంది మోడల్ డ్రాయింగ్. ఎదురుగా పెట్టిన వస్తువుల్ని కంటికి కనబడినట్టే గీయాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. చెంబు మూతి గుండ్రం అని మనకు తెలుసు. కానీ కూర్చుని చూస్తే అది గుండ్రంగా కనబడదు, పైనుంచి నొక్కినట్టు అటూ ఇటూ సాగి ఉంటుంది. కంటి ఎత్తు కొంచెం మారినా ఆ సాగుడు మారిపోతుంది. తెలిసింది మరిచిపోయి, కనబడింది గీయడానికి చెయ్యి అలవాటు పడాలి. నాలుగు రోజులు మానితే చెయ్యి మళ్లీ తెలిసిందే గీస్తుంది. అందుకని పెట్టిన వస్తువులు కదలకూడదు, కూర్చునే చోటు మారకూడదు, వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి.

మా ఇల్లు అల్లవరం రోడ్డులో ఒక ఊళ్లో. మా ఆయన రొయ్యల మేత కంపెనీ తరఫున చెరువుల వెంట తిరిగే ఉద్యోగి. ఇంట్లో అత్తగారు, మామగారు, మా నాలుగేళ్ల పాప. బడి నుంచి వచ్చాక, దీపం పెట్టే లోపు ఒక గంట సాధన చేసుకుంటానని అత్తగారిని అడిగాను. "వేసుకో అమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నారు. ఆ మాటతో పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వెనక వసారాలో ఒక ఎత్తుపీట మీద చెంబు, రెండు వంకాయలు, వెనక మడతలు పడేలా ఒక పాత పంచె పెట్టుకున్నాను. మొదటి సాయంత్రమే చెంబు లేదు. స్నానాల గదిలో కనబడింది. చెంబు కదపొద్దండి అని మెల్లగా చెప్పాను. అత్తగారు నవ్వారు. "చెంబన్నాక నీళ్లు ముంచుకోక, దాన్ని చూస్తా కూర్చుంటారేంటమ్మా?" ఇంకో రోజు మామగారు చెంబు తీసి కింద పెట్టి, పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి, "లేవమంటావా?" అన్నారు. పర్లేదు కూర్చోండి మామయ్యగారూ అన్నాను. ఆయన కూర్చున్నారు. ఎండ పోయేదాకా కూర్చున్నారు. మూడో రోజు వంకాయలు కూరలోకి వెళ్లాయి. ఆ కూర నేనే వండాను.

మా ఆయనతో చెబితే, "రాత్రి అందరూ పడుకున్నాక వేసుకోవచ్చుగా" అన్నారు. ట్యూబులైటు కింద నీడ అన్ని వైపులా పడుతుందని, మోడల్ డ్రాయింగ్‌లో సగం పని నీడదేనని వివరించాను. శ్రద్ధగా విని, మర్నాడు ఇంకో ట్యూబులైటు తెచ్చి బిగించారు.

వాళ్లు నా బొమ్మల్ని చిన్నచూపు చూసి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. వాళ్లకు నేనంటే గర్వం. ఎవరొచ్చినా, "మా కోడలు ఆర్టిస్టండీ" అని చెప్పేవారు అత్తగారు. చెప్పిన ప్రతిసారీ నాకో పని తయారయ్యేది. మా వైపు పెళ్లికూతురి చేతిలో కొబ్బరిబొండాం పెడతారు. పూర్వం పసుపు రాసి బొట్లు పెట్టేవారు. ఇప్పుడు దానికి తెల్లరంగు పూసి, ఆరాక నెమళ్లు, పల్లకీ, వధూవరుల పేర్లు వేసి, పూసలు అంటిస్తున్నారు. ఒక్కో బొండానికి రెండు మూడు సాయంత్రాలు పోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కింటివాళ్లకు ఒకటి వేశాను. ఆ ఫోటో ఫోన్లలో తిరిగింది. అక్కడి నుంచి చుట్టాల్లో ఏ పెళ్లి కుదిరినా ముందు నాకు బొండాం వచ్చేది, తర్వాత శుభలేఖ.

ఏదైతేనేం, బొమ్మలేసుకోవడమే కదా అనేవారు మా ఆయన. నిజంగానే అలా అనుకునేవారు. అదే నెమలి ముప్పై సార్లు వేస్తే చూడాల్సిన పనే ఉండదు, చెయ్యి దానంతటదే తిరుగుతుంది. అది సాధనకు ఉల్టా. నేర్చుకున్నది కూడా పోతుంది. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పినా, టెక్కు అనుకుంటారని భయం.

పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా, కొత్తపేటలో ఉండే అత్తగారి చెల్లెలు, మా చిన్నత్తగారు, కూతురి పెళ్లి పెట్టుకున్నారు. బొండాల మాట నాతో ఎవరూ ఎత్తలేదు. ఆ వారమే స్కూల్లో హెడ్మాస్టారు పిలిచి, తొమ్మిదో తరగతి డ్రాయింగ్ పీరియడ్లన్నీ ఏడాది చివరిదాకా లెక్కలకు ఇచ్చేస్తున్నామన్నారు. ఆ నోటితోనే యాన్యువల్ డే స్టేజికి వెనక కట్టే పెద్ద గుడ్డ నేను వేయాలన్నారు. ఎప్పుడు వేయమంటారండీ అని అడిగాను. "బడి వదిలేక ఉండి వేసెయ్యండి. మీకు సరదాయే కదండీ" అన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు నేర్పడానికి నాకు వారంలో ఒక్క పీరియడ్ ఇవ్వలేని బడికి నా సాయంత్రాలు కావాలి. అయినా నోట్లోంచి వచ్చింది ఆయ్ అనే.

ఆటో దిగి ఇంటికొచ్చేసరికి వసారా అంతా శుభ్రంగా ఉంది. ఎత్తుపీట మీద నాలుగు బొండాలు, పక్కన నా రంగుడబ్బాలు మూతలు తీసి వరసగా, కుంచెలు కడిగి గ్లాసులో. చెంబు లేదు. వెనక వేలాడదీసిన పంచెతో బొండాలు తుడిచినట్టున్నారు, మట్టి అంటుకుని తీగ మీద ఉంది. వారం పైగా ఒకే మోడల్ మీద పనిచేసిన షీటు బొండాల కింద పరిచి ఉంది, పీటకు రంగు అంటకుండా. తడి బొండాం అడుగు దాని మీద గుండ్రంగా మరక కట్టింది. అత్తగారు కాఫీ తెచ్చారు. చిన్నత్తగారు పంపేరని, పెళ్లికూతురికొకటి, మండపం అలంకారానికి మూడు అని, పాపను తాను చూసుకుంటానని, ఈ వారం వంట కూడా తనదేనని సంబరంగా చెప్పారు. నా సాధనకు ఒక్క సాయంత్రం కూడా పాపను ఎత్తుకోని మనిషి ఆవిడ.

"ఇవి నేను వెయ్యనండి" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. వెయ్యను."

అప్పటికి మా ఆయన బండి ఆపి లోపలికి వస్తున్నారు. ఆవిడ ఆయనతో చెప్పారు. ఆయన చెప్పులు విప్పుతూ, "అడిగింది బొమ్మే కదా, అంట్లు తోమమన్లేదుగా" అన్నారు.

"అంట్లయితే తోమేసేదాన్నండి. అంట్లు తోమితే నా చెయ్యి పాడవదు" అన్నాను. నా గొంతు ఇంట్లో అంత స్పష్టంగా వినబడటం అదే మొదలు. షీటు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎవరైనా మీ కంపెనీ శాంపిళ్ల మీద బొండాలు పెడితే ఊరుకుంటారా అని అడిగాను. ఆయన మరక మీద వేలు పెట్టి ఆరిందో లేదో చూశారు.

అత్తగారు చెల్లెలికి ఫోన్ చేశారు. స్పీకర్లో చిన్నత్తగారి మాట నాకూ వినబడింది. "ఏం పరీక్షే, కలెక్టరు పరీక్షా? నాలుగు నెమళ్లు వెయ్యడానికి అంత బెట్టు చెయ్యాలా ఆ పిల్ల?" అత్తగారు నావైపు తిరిగి, నేను రాజీ పడతానేమోనన్నట్టు చూశారు. ఎప్పుడూ వచ్చే ఆయ్ నోటి చివర దాకా వచ్చింది. మింగేశాను. బొండాలు మర్నాడు కొత్తపేట వెళ్లిపోయాయి.

పెళ్లికి వెళ్లాం. అమలాపురంలో ఒక షాపువాడి చేత వేయించారు. నాకంటే బాగా వేశాడు. నెమలి మెడ తిప్పిన తీరు చూస్తే రోజూ అదే పనిలో ఉన్న చెయ్యి అని తెలుస్తోంది. బొండాం ఎవరు వేశారని ఒక్కరూ అడగలేదు. చిన్నత్తగారు కూడా పెళ్లి హడావిడిలో నన్ను భోజనాలకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంత తేలిగ్గా జరిగిపోయే పనికి రెండేళ్లు నా సాయంత్రాలు ఇచ్చానన్నమాట. అక్కడ విస్తరి ముందు కూర్చుని, ఇంట్లో వచ్చినదానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ ఏడు మోడల్ డ్రాయింగ్‌లో తప్పాను. ఫలితం చూసి అత్తగారు, బొండాలు వేసి ఉన్నా ఇంతే కదా అన్నారు. ఆ సాయంత్రం నుంచే సాధన వసారాలో మానేసి పడమటి గదిలోకి మార్చాను. ఎవరినీ అడగలేదు. ఈ వేళప్పుడు గది తలుపు గడియ వేసి ఉంటుందని చెప్పానంతే. మొదట్లో మామగారు తలుపు కొట్టి పేపరు అడిగారు, అత్తగారు పాపను పంపి పిలిపించారు. గంటయ్యాకే తీశాను. నెల తిరిగేసరికి పిలవడం మానేశారు. పాప మాత్రం కొన్నాళ్లు గుమ్మం ముందు ఏడ్చింది. వాళ్ల నాన్న ఎత్తుకోవడం నేర్చుకున్నారు. మరుసటి ఏడు హయ్యరు పాసయ్యాను.

బొండాలు తిప్పి పంపిన ఆ వారంలోనే, స్కూల్లో యాన్యువల్ డే గుడ్డ బడి వేళల్లోనే వేస్తానని, అందుకు నా పీరియడ్లు నాకు తిరిగి ఇవ్వాలని హెడ్మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వి ఫ్లెక్సీ కొట్టించారు. తర్వాత ఏడు డ్రాయింగ్ బాధ్యత ఆటల మాస్టారికి అప్పగించారు. నాకు లైబ్రరీ బీరువాల తాళాలు ఇస్తామన్నారు. పుస్తకాలంటే ఇష్టమే అయినా తాళాలు తీసుకోలేదు. మానేశాను. ప్రస్తుతం గురుకులం పోస్టుకు దరఖాస్తు పెట్టి ఉన్నాను.

డ్రాయింగ్ వృత్తిలోకి రావాలనుకునే ఆడపిల్లలకు చెప్పడానికి ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇదొక్కటే. అడిగి తీసుకున్న గంట మనది కాదు. ఇచ్చినవాళ్లు దాన్ని ఎప్పుడైనా తీసుకుంటారు, తీసుకున్నట్టు వాళ్లకు తెలియను కూడా తెలియదు. వెక్కిరించేవాళ్లకంటే మెచ్చుకునేవాళ్లే ఎక్కువ తీసుకుంటారు. నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోమని అత్తగారు అప్పుడప్పుడు చెబుతుంటారు. ఆ గడియ వేయడానికి నాకు రోజూ అది కావాలి.