మెట్ల మీద ఆగే మనిషి

కార్డిఫ్‌లో వాన అందుకుంటే పాత సామాన్లు అమ్మే ఓ చారిటీ షాపులోకి దూరాను. పాత పుస్తకాల వాసన కొట్టే మూలలో, నాన్న చదివిన అమెరికన్ డిటెక్టివ్ నవల కనబడింది. అదే అట్ట.

నా చిన్నప్పుడు అమ్మ నర్సు. ఆమెకి లేట్ షిఫ్టు పడినప్పుడు నాన్నే నాకు అన్నం తినిపించేవాడు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టి, ఆ నవల కథ కొంచెం తెలుగులో చెప్పేవాడు. మళ్లీ నోరు తెరిస్తేనే తరవాతి సంగతి.

"ఈ రచయిత ఉద్యోగం పోయాక, నడివయసులో రాయడం మొదలుపెట్టాడట తల్లీ. నేనూ రాస్తా చూడు," అనేవాడు దగ్గుతూ.

ఆ కథలో తడిసిన కోటు వేసుకున్న మనిషొకడు మెట్లెక్కుతూ, ప్రతి అంతస్తులోనూ ఆయాసంతో ఆగేవాడు.

"వాడేనా కిల్లర్?"

"తొందరపడకు. ముందు ముద్ద మింగు."

కథ పూర్తికాకుండానే నాన్న ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ కోటు మనిషే వచ్చి తీసుకెళ్లాడనుకున్నాను. మా మెట్ల మీద ఎవరి అడుగులు ఆగినా పరిగెత్తి గొళ్లెం పెట్టేదాన్ని.

పుస్తకం కొని ఆఖరి పేజీ దాకా చదివాను. హంతకుడు దొరికాడు. తడి కోటు మనిషి మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేడు.

అప్పటి మా ఫ్లాట్ మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నాన్న రోజూ వానలో బస్సు దిగి, తడిసిన కోటుతో ఆ మెట్లెక్కి వచ్చేవాడు.

ఇప్పుడు మెట్ల మీద ఎవరైనా ఆగినట్టనిపిస్తే గొళ్లెం పెట్టను. తలుపు తీసి చూస్తాను.