ఊట దగ్గర నీళ్లు పోసిన చెయ్యి

దెయ్యం కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. ఇది చదివాక నన్ను కూడా ఆ గుంపులో కలిపేయకండి. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మాది బొబ్బిలి. మా ఆయనకు బజారులో కొట్టు ఉంది, నేను ఇంట్లో పిల్లలకు వీణ నేర్పుతాను. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు నాకు కీళ్లవాతం పట్టుకుంది. ఎడమచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. వీణ మెట్ల మీద తీగ నొక్కేది ఆ వేళ్లే. విజయనగరంలో డాక్టరు మాత్రలు రాసి, ఓపిక పట్టమన్నారు. ఈలోగా పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. వీణకు గవిసెన తొడిగి మూల పెట్టేసిన రోజు వెక్కివెక్కి ఏడ్చాను. వాయించలేకపోతే ఇంక నేనెవరిని అనిపించింది.

మా అన్నయ్య వాళ్లది సాలూరు. అక్కడికి దగ్గర్లో కొండ కింద ఒక ఊట ఉంది. నీళ్లు గోరువెచ్చగా, గంధకం వాసనతో ఉంటాయి. ఆ నీళ్లలో ఏవో ఖనిజాలున్నాయని, పోసుకుంటే కీళ్లు వదులవుతాయని చుట్టుపక్కల వాళ్లు వస్తుంటారు. "మాత్రలు మానెయ్యమన్నానా? అవీ మింగు, ఇవీ పోసుకో. నీకు పోయేదేటి ఉన్నాదే?" అని వదిన పోరు పెట్టింది. మాత్రలు మానకుండానే వెళ్లడం మొదలుపెట్టాను.

అక్కడ ఒక పద్ధతి ఉంది. జబ్బు మనిషి తన చేత్తో నీళ్లు పోసుకోకూడదు. ఇంకొకరు వెనక నిలబడి పోయాలి. పోసినంతసేపూ తిరిగి చూడకూడదు, చూస్తే జబ్బు పోసేవాళ్లకు అంటుకుంటుందట. నాకు నవ్వొచ్చినా, వదిన భయం చూసి తిరిగేదాన్ని కాదు. ఆవిడ చెంబెడు నీళ్లూ ఒక్కసారే నెత్తిన గుమ్మరించి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది.

ఒకరోజు పట్టపగలే వెళ్లాం. కొబ్బరికాయ కొనుక్కొస్తానని వదిన ఆటో దగ్గరే ఆగింది. ఆడవాళ్ల వైపు ఒక పక్క రాతిగోడ, మిగతా చుట్టూ తడికలు, లోపలికి ఒకటే దారి. లోపల ఎవరూ లేరు. నేను వెళ్లి గోడవైపు తిరిగి రాతి మీద కూర్చున్నాను.

కాసేపటికి వెనక నుంచి నీళ్లు పడ్డాయి. నెత్తి మీద కాదు, ఎడమ భుజం మీద, సన్నని ధారగా, చెయ్యంతా తడిపి వేళ్ల దాకా. ఇవాళ కబుర్లేం లేవా వదినా అన్నాను. తర్వాత ఒక చెయ్యి నా చేతిని పట్టుకుని చూపుడువేలు మెల్లగా తెరిచింది. ప్రాణం పోయినంత నొప్పి. ఆ తర్వాత నడిమివేలు. నన్ను పట్టుకున్న వేళ్ల కొసలు గట్టిగా, గాట్లు పడి తగిలాయి.

అంతలో దారి దగ్గర నుంచి వదిన గొంతు. "ఒసే, సెంబు నా సంచీలో ఉంటే నీకెవలు పోసినారే?"

తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. వదిన దారికి అడ్డంగా నిలబడి ఉంది. సంచీలోంచి తీసిన చెంబు పొడిగా ఉంది. నా ఎడమ భుజం నుంచి వేళ్ల దాకా తడిసి ఉంది.

గాట్ల సంగతి ఇంటికొచ్చాక తట్టింది. అవి తీగ నొక్కీ నొక్కీ పడే గాట్లు. నా వేళ్లకున్నవి జబ్బుతో మెత్తబడిపోయాయి. వదిన జన్మలో వీణ ముట్టలేదు. పోయిన గురువుగారే వచ్చి ఉంటారని కొందరు కళ్లొత్తుకున్నారు. మా గురువుగారు చీపురుపల్లిలో నిక్షేపంగా ఉన్నారు, నన్ను తిడుతూనే ఉన్నారు.

ఇంక అటు వెళ్లొద్దని అందరూ నా మీద పడ్డారు. వదిన దిష్టి తీసింది, తాయెత్తు తెచ్చింది. తాయెత్తు ఆవిడకే కట్టి పంపేశాను. నా వేళ్లు తెరిచినవాళ్లకు నేనెందుకు భయపడాలి?

ఆ రెండు వేళ్లు ఇప్పుడు తీగ నొక్కుతాయి. మాత్రల గుణమంటారు డాక్టరు, కాదనను. పిల్లలు తిరిగొచ్చారు, ఇల్లంతా మళ్లీ సరళీస్వరాలే. అయితే పక్కనున్న ఉంగరంవేలు, చిటికెనవేలు అవే మాత్రలు మింగుతూ ఇంకా ముడుచుకునే ఉన్నాయి. ఎందుకో డాక్టరు చెప్పలేదు, నాకూ తెలియదు.

అందుకే ఇప్పటికీ ఒక్కదాన్నే వెళ్తాను. గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమచెయ్యి వెనక్కి చాపుతాను. ఎవరో ఏమో గానీ, మొదలుపెట్టిన పని సగంలో వదిలేసి పోతే ఊరుకుంటానా?